గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకు

డెట్రాయిట్ నగరం మధ్యలో, బ్రష్ స్ట్రీట్ పక్కన, హడ్సన్స్ అనే పెద్ద దుకాణం వాళ్ల పాత గోదాము ఉంది. 1920ల నాటి కట్టడం. ఒకప్పుడు సోఫాలు, పరుపులు, పింగాణీ సామాన్లు దాచుకున్న చోటు. ఈ శతాబ్దం మొదట్లో నగరంలో ఫుట్‌బాల్ స్టేడియం కట్టాల్సి వచ్చినప్పుడు, ఈ గోదామును పడగొట్టకుండా అలాగే ఉంచి స్టేడియంలో కలిపేసుకున్నారు. 2002లో తెరిచిన ఆ స్టేడియం పేరు ఫోర్డ్ ఫీల్డ్. కూర్చునే చోటు 65 వేల మందికి. బయట నుంచి చూస్తే అంత పెద్దదని తోచదు, ఎందుకంటే మైదానం వీధి మట్టానికి చాలా కిందుగా ఉంటుంది. ద్వారం దాటి లోపలికి వెళ్లాక మెట్ల వరసలు కిందికి దిగుతూ పోతాయి. పాత గోదాము ఇప్పుడు ఒక పక్క గోడ. సరుకు పేర్చిన అంతస్తుల్లో ఇప్పుడు ధనవంతుల గాజు గదులున్నాయి, వాటిలో కూర్చుని ఆట చూస్తారు. పైకప్పు మూసి ఉన్నా పెద్ద పెద్ద అద్దాల్లోంచి పగటి వెలుగు మైదానం మీద పడుతుంది. నవంబరు నెలాఖరులో మిషిగన్ రాష్ట్రంలో ఆ వెలుగు ఏపాటిదో అక్కడున్నవాళ్లకే తెలుసు.

ఈ స్టేడియం డెట్రాయిట్ లయన్స్ అనే జట్టుకు సొంత ఇల్లు. నవంబరులో నాలుగో గురువారం అమెరికాకు థాంక్స్‌గివింగ్ పండగ. ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు, మనవలు, తోబుట్టువులు ఊరికి చేరే రోజు. మనకు సంక్రాంతి ముందు రోజు హైదరాబాద్‌లో బస్సులు ఎలా కిక్కిరుస్తాయో, బుధవారం సాయంత్రం అక్కడ విమానాశ్రయాలు అలా ఉంటాయి. ఆ గురువారం మధ్యాహ్నం లయన్స్ ఆట, 2024 దాకా పన్నెండున్నరకు. 1934లో మొదలైంది. యుద్ధకాలంలో 1939 నుంచి 1944 దాకా ఆరేళ్లు ఆగింది. ఆ తర్వాత ఒక్క ఏడాది కూడా తప్పలేదు. 2024 దాకా లెక్క వేస్తే 85 పండగ ఆటలు. గెలిచినవి 38, ఓడినవి 45, సమమైనవి 2.

ఆ లెక్క చూస్తే మరీ ఘోరంగా ఏమీ అనిపించదు. అసలు కథ పండగ బయట ఉంది. లయన్స్ చివరిసారి ఫుట్‌బాల్ లీగ్ విజేతలైంది 1957లో. అమెరికా క్రీడల్లో అతి పెద్ద రోజైన లీగ్ ఫైనల్, సూపర్ బౌల్‌లో ఇంతవరకు అడుగు పెట్టని జట్లు నాలుగే, వాటిలో ఇదొకటి. 1992 జనవరి నుంచి 2024 జనవరి దాకా, అంటే 32 ఏళ్ల పాటు, ఈ జట్టు సీజన్ చివర విజేతను తేల్చే ప్లేఆఫ్‌లో ఒక్క ఆట కూడా గెలవలేదు. అయినా తాతలు తండ్రులకిచ్చిన సీజన్ టికెట్లు తండ్రులు కొడుకులకు, కూతుళ్లకు ఇస్తూనే వచ్చారు. ఎందుకిలా అని అడిగితే డెట్రాయిట్ వాళ్లు ఆట గురించి మాట్లాడరు. ఆ రోజు ఎవరింట్లో భోజనం, ఎవరు ఏ కుర్చీలో కూర్చునేవారు, ఆట మూడో పావులో, అంటే మూడో క్వార్టర్‌లో, లేచి వెళ్లి వంటింట్లో గిన్నెలు తోమడం మొదలుపెట్టే పెదనాన్న ఎవరు, ఇవి చెబుతారు. నాకర్థమైనంతలో ఈ విధేయతకు మూలం జట్టులో లేదు. ఒక రేడియో యజమాని 90 ఏళ్ల కిందట పెట్టిన ముహూర్తంలో ఉంది.

ఆయన పేరు జార్జి రిచర్డ్స్. డెట్రాయిట్‌లో డబ్ల్యూజేఆర్ అనే రేడియో స్టేషన్ ఆయనది. ఒహాయో నది ఒడ్డున పోర్ట్స్‌మత్ అనే చిన్న పట్నంలో స్పార్టన్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ఉండేది. బాగా ఆడేది, కానీ ఆర్థిక మాంద్యంలో ఆ ఊరు దాన్ని పోషించలేకపోయింది. 1934లో రిచర్డ్స్ దాన్ని సుమారు 8 వేల డాలర్లకు కొని డెట్రాయిట్ తీసుకొచ్చాడు. ఊళ్లో అప్పటికే టైగర్స్ అనే బేస్‌బాల్ జట్టు ఉంది, జనం దాని వెనకే. పులులకు దీటుగా సింహాలని పేరు పెట్టాడు. పేరు బాగుంది, జట్టు అంతకన్నా బాగా ఆడుతోంది, స్టాండ్స్ మాత్రం నిండటం లేదు. రిచర్డ్స్ ఆలోచించి థాంక్స్‌గివింగ్ రోజున ఆట పెట్టాడు. పండగ నాడు ఫుట్‌బాల్ ఆయన కనిపెట్టిందేమీ కాదు. కాలేజీ జట్లు 1870ల నుంచే ఆడుతున్నాయి. ఆయన చేసిన తెలివైన పని వేరే. రేడియో మనిషి కదా, ఎన్‌బీసీ వాళ్లను ఒప్పించి దేశమంతటా 94 స్టేషన్లలో ఆ ఆట వినిపించే ఏర్పాటు చేశాడు.

1934 నవంబరు 29. ఎదురుగా షికాగో బేర్స్, అంతకు ముందటేడు విజేతలు, ఆ ఏడాది అప్పటికి ఒక్క ఓటమీ లేదు. లయన్స్ కూడా ఒకే ఒక్కటి ఓడారు. డెట్రాయిట్ యూనివర్సిటీ స్టేడియంలో 26 వేల టికెట్లు రెండు వారాల ముందే అయిపోయాయి. వచ్చి టికెట్ దొరక్క వెనుదిరిగినవాళ్లు వేలల్లో ఉన్నారు. చివరి క్వార్టర్‌లో లయన్స్ బంతి బేర్స్ చేతికి చిక్కింది. బ్రాంకో నగర్‌స్కీ అనే భారీ మనిషి బంతి విసిరాడు, బిల్ హ్యూయిట్ అందుకున్నాడు. షికాగో 19, డెట్రాయిట్ 16. మొట్టమొదటి పండగ ఆటే ఓటమి. ఆ స్టేడియం ఇప్పుడు లేదు. 1970ల మొదట్లో పడగొట్టారు. కానీ ముహూర్తం మాత్రం నిలిచిపోయింది.

ఆట తెలియని మనవాళ్ల కోసం రెండు మాటలు. ఇది కాలిబంతి కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకలో ఇరికించుకుని పరుగెత్తుతూ, వంద గజాల మైదానంలో అవతలి కొసకు చేర్చాలి. జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోలేకపోతే బంతి ఎదుటివాళ్లకు పోతుంది. కొసకు చేరిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దూరం నుంచే తన్ని రెండు స్తంభాల మధ్యగా, అడ్డ కడ్డీ పైనుంచి పంపితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. ఆట నికరంగా గంటే. ఆగుతూ, ప్రకటనలు చూపిస్తూ నడిచేసరికి మూడు గంటలు దాటుతుంది. ఈ మూడు గంటల సంగతి గుర్తుంచుకోండి, వంటింటితో దీనికి పని ఉంది.

మంచి రోజులు లేకపోలేదు. 1935లోనే విజేతలయ్యారు. 1952, 53, 57ల్లో మళ్లీ. 1957 డిసెంబరులో క్లీవ్‌లండ్ మీద ఫైనల్ 59-14తో గెలిచారు. 1962 పండగ ఆటను డెట్రాయిట్ పెద్దవాళ్లు ఇప్పటికీ నిన్న మొన్న జరిగినట్టు చెబుతారు. గ్రీన్‌బే ప్యాకర్స్ అప్పుడు పది ఆటల్లో పదీ గెలిచి వచ్చారు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ప్రధాన ఆటగాడు, బార్ట్ స్టార్‌ను లయన్స్ ఆ మధ్యాహ్నం 11 సార్లు బంతితో సహా పడగొట్టారు. 26-14తో గెలిచారు. ఆ ఏడాది మొత్తంలో ప్యాకర్స్ ఓడింది ఆ ఒక్క ఆటే, చివరికి ట్రోఫీ ఎత్తిందీ వాళ్లే. డెట్రాయిట్ గెలుపులు తరచు ఇలాగే ఉంటాయి, సంబరం ఒకరిది, కప్పు మరొకరిది.

1957 తర్వాత ఏం జరిగిందన్న దానికి అక్కడ ఒక శాపం కథ చెబుతారు. బాబీ లేన్ అని గొప్ప క్వార్టర్‌బ్యాక్, తాగుబోతుతనానికీ ధైర్యానికీ సమానంగా పేరున్నవాడు. 1958లో సీజన్ మొదలై రెండు ఆటలు కాగానే అతన్ని పిట్స్‌బర్గ్‌కు ఇచ్చేశారు. పోతూ పోతూ ‘ఇంకో 50 ఏళ్లు మీరు గెలవరు’ అన్నాడట. అన్నాడనడానికి ఆనాటి రుజువేదీ లేదు. అయితే 50 ఏళ్లు లెక్క పెడితే 2008 వస్తుంది, ఆ ఏడాది లయన్స్ 16 ఆటలాడి పదహారూ ఓడారు. లీగ్ చరిత్రలో అంతకు ముందు ఏ జట్టూ అలా ఓడలేదు. మరుసటేడు వాళ్లు ఎంపిక చేసుకున్న కొత్త క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టఫర్డ్ చదివిన హైస్కూలు డాలస్‌లోని హైలండ్ పార్క్, బాబీ లేన్ చదివిన బడి కూడా అదే. నాకు శాపాల మీద నమ్మకం లేదు కానీ ఈ కథ చెప్పేటప్పుడు డెట్రాయిట్ వాళ్ల కళ్లలో మెరుపు చూడాలి. ఊరికే ఓడటం కన్నా శాపం తగిలి ఓడటంలో ఒక హోదా ఉంది మరి.

జట్టు ఫోర్డ్ కుటుంబం చేతికి వచ్చిన రోజు కూడా మామూలు రోజు కాదు. హెన్రీ ఫోర్డ్ మనవడు విలియం క్లే ఫోర్డ్ 45 లక్షల డాలర్లకు కొనడానికి ఒప్పందం కుదిరింది 1963 నవంబరు 22న. అదే రోజు డాలస్‌లో అధ్యక్షుడు కెనడీని కాల్చి చంపారు. 2014లో కన్నుమూసేదాకా ఫోర్డే యజమాని. అర్ధ శతాబ్దంలో ఆయన చూసిన ప్లేఆఫ్ గెలుపు ఒక్కటి. తర్వాత భార్య మార్తా, 2020 నుంచి కూతురు షీలా ఫోర్డ్ హాంప్ చూసుకుంటున్నారు. జట్టు కూడా ఇంటి ఆస్తిలా పిల్లలకు సంక్రమిస్తున్న ఊరది.

ఓడటంలో లయన్స్‌కు ఒక నేర్పు ఉందని ఊరుకోలేక చెప్పాలి. 1970 నవంబరులో న్యూ ఆర్లీన్స్‌లో ఆట చివరి క్షణాల్లో 17-16తో ముందున్నారు. ఎదుటి జట్టు కిక్కర్ టామ్ డెంప్సీ, పుట్టుకతోనే కుడి పాదానికి వేళ్లు లేని మనిషి. ఆ పాదంతోనే 63 గజాల దూరం నుంచి తన్నాడు. బంతి లోపలికి పోయింది, లీగ్ రికార్డు. స్కోరు 19-17. 51 ఏళ్ల తర్వాత, 2021 సెప్టెంబరులో, ఫోర్డ్ ఫీల్డ్‌లోనే, బాల్టిమోర్ మీద చివరి క్షణంలో 17-16 ఆధిక్యం. జస్టిన్ టకర్ 66 గజాల నుంచి తన్నాడు. బంతి అడ్డ కడ్డీకి తగిలి, పైకి ఎగిరి, అవతల పడింది. అప్పటికి అదే కొత్త రికార్డు. స్కోరు మళ్లీ 19-17. ఎంత వెతికినా ఇలాంటి జంట మరో జట్టు ఖాతాలో కనబడదనుకుంటాను.

పండగ ఆటల్లో మాత్రం 2012 నాటిది తలమానికం. హ్యూస్టన్ టెక్సన్స్‌తో ఆట, మూడో క్వార్టర్, లయన్స్ పది పాయింట్లు ముందున్నారు. హ్యూస్టన్ ఆటగాడు జస్టిన్ ఫోర్సెట్ బంతి పట్టుకుని పరుగెత్తాడు. ఇద్దరు మీద పడ్డారు. అతని మోకాలు, మోచెయ్యి నేలకు తగిలాయి. నిబంధన ప్రకారం ఆట అక్కడితో ఆగాలి. రెఫరీలు ఈల వెయ్యలేదు. ఫోర్సెట్ లేచాడు, అటూ ఇటూ చూశాడు, ఈల వినబడలేదు కాబట్టి పరుగెత్తాడు. 81 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ప్రతి టచ్‌డౌన్‌నూ వీడియోలో సరిచూస్తారు, ఎవరూ అడగనక్కర్లేదు. కానీ లయన్స్ కోచ్ జిమ్ ష్వార్జ్ మండిపడి, సరిచూడమంటూ ఎర్ర గుడ్డ విసిరాడు. అడగనక్కర్లేనిచోట కోచ్ అడిగితే తప్పు, దానికి శిక్ష సరిచూడటం పూర్తిగా రద్దు చెయ్యడం. దేశమంతా టీవీలో మోకాలు నేలకు తగలడం చూసింది. టచ్‌డౌన్ మాత్రం చెల్లింది. ఆట అదనపు సమయానికి పోయి లయన్స్ 34-31తో ఓడారు. మరుసటేటికి లీగ్ ఆ నిబంధనే మార్చేసింది. లయన్స్ ఓడాక నిబంధన బాగుపడటం అప్పటికి అభిమానులకు అలవాటే. ‘సేమ్ ఓల్డ్ లయన్స్’ అని పొట్టిగా ‘ఎస్ఓఎల్’ అంటారు. టీవీ ముందు ఎవరో ఒకరు ఆ మూడక్షరాలు పలకగానే ఇంట్లో సగం మంది లేచి, పండగ వంటకమైన టర్కీ కోడిని కోసే కత్తి వెతకడానికి పోతారు.

ఇక ఆ రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. తెల్లవారేసరికి వుడ్‌వర్డ్ అవెన్యూకు రెండు వైపులా దుప్పట్లు, మడత కుర్చీలు, నిచ్చెనలు వెలుస్తాయి. పిల్లల్ని నిచ్చెన పై మెట్టు మీద కూర్చోబెడితే ఊరేగింపు బాగా కనబడుతుంది. ఈ పరేడ్‌ను 1924లో మొదలుపెట్టింది హడ్సన్స్ వాళ్లే. అవును, స్టేడియం గోడగా మారిన గోదాము వాళ్లదే. వాళ్ల దుకాణంలో అలంకరణలు చూసే చార్లెస్ వెండెల్ టొరంటో వెళ్లి అక్కడి శాంటా ఊరేగింపు చూసొచ్చాడు. న్యూయార్క్‌లో మేసీస్ పరేడ్ మొదలైందీ అదే ఏడాది. దుకాణం మూతపడింది, 1998లో ఆ భవంతిని బాంబులు పెట్టి కూల్చేశారు. పరేడ్‌ను ఊళ్లోవాళ్లు వదల్లేదు, ఇప్పుడొక లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది.

ఈ పరేడ్‌లో నన్ను కట్టిపడేసేవి కాగితపు గుజ్జుతో చేసిన తలకాయలు. బుంగమూతి ముసలమ్మ, దొప్పల్లాంటి చెవుల పోలీసు, బుగ్గలు ఉబ్బిన వంటవాడు. మనిషి భుజాల దాకా దిగే పెద్ద తలలు. తొలినాటివి కొన్ని ఇటలీలో కార్నివాల్‌కు పేరుపడ్డ వియారెజ్జో పట్నంలో చేయించి తెచ్చినవి. దగ్గర నుంచి చూస్తే రంగు కింద కాగితపు పొరలు ఒకదాని మీద ఒకటి అంటించిన గీతలు కనబడతాయి. ముక్కు మీద, గడ్డం మీద అతుకులు వేసి, మళ్లీ రంగు పూసి, ఏడాదికోసారి బయటికి తీస్తారు. మోసేవాళ్లు ఊరి పెద్దలు. వకీళ్లు, వ్యాపారులు, డాక్టర్లు, విరాళం కట్టి మరీ ఈ తలలు తగిలించుకుని నాలుగు కిలోమీటర్ల దాకా నడుస్తారు. లోపల ఎవరున్నారో దారి పక్కవాళ్లకు తెలియదు. ఊళ్లో పెద్దమనిషి పిల్లల ముందు గంతులెయ్యడానికి ఇంతకన్నా వీలైన ఏర్పాటు లేదు.

పరేడ్ సగంలో ఉండగానే జనంలో నీలం రంగు ఒకటి విడిపోయి తూర్పుకు కదలడం మొదలవుతుంది. దాన్ని హోనలూలూ నీలం అంటారు, లయన్స్ రంగు, వెండి రంగుతో కలిపి వేసుకుంటారు. వాళ్ల దారి 1891 నుంచి నడుస్తున్న ఈస్టర్న్ మార్కెట్‌కు. మామూలు శనివారాల్లో కూరగాయలు, పూలు, మాంసం అమ్మే షెడ్లు. ఆట రోజున ఆ ఖాళీ స్థలాల్లో కార్ల డిక్కీలు తెరిచి వంటలు మొదలుపెడతారు. గ్యాస్ పొయ్యి మీద పొడవాటి అండా, అందులో వేరుశనగ నూనె మరుగుతూ ఉంటుంది. టర్కీని కొక్కేనికి తగిలించి మెల్లగా దించుతారు. పౌనుకు మూడున్నర నిమిషాల లెక్క, 12 పౌన్ల టర్కీ ముప్పావుగంటలో అవుతుంది. లోపల ఐసు మిగిలిపోతే నూనె పొంగి మంటలంటుకుంటాయి. అందుకని ముందు రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి ఐసు కరిగిస్తారు, ఆరేదాకా తుడుస్తారు. ఇంత జాగ్రత్తగా వండినదాన్ని కాగితపు పళ్లెంలో పెట్టుకుని, గ్లవ్స్ తియ్యకుండా, నిలబడే తింటారు. అక్కడ వండే ఓపిక లేనివాళ్లు లాఫయెట్ బులెవార్డ్‌లో పక్కపక్కనే ఉన్న రెండు కోనీ హాట్‌డాగ్ దుకాణాలకు పోతారు. రెండూ అన్నదమ్ములు పెట్టినవి. ఏది మంచిదన్న విషయంలో డెట్రాయిట్ ఇళ్లు రెండుగా చీలి ఉన్నాయి. ఈ తగవులో పెళ్లితో పుట్టింటి పక్షం మార్చుకున్న కోడలు ఉండదట.

స్టేడియానికి పోనివాళ్ల సంగతే ఎక్కువ. 16 పౌన్ల టర్కీ ఓవెన్‌లో కాలడానికి నాలుగు గంటల దాకా పడుతుంది. పన్నెండింటికి లోపల పెడితే ఆట ముగిసేసరికి బయటికి తీయొచ్చు. హాఫ్‌టైమ్‌లో ఒకసారి ఓవెన్ తలుపు తెరిచి కారిన కొవ్వు పైన పోస్తారు. తరాలుగా ఆ ఊళ్లో వంటకు గడియారం లయన్స్ ఆటే. ఓడినా నాలుగింటికల్లా ఓటమి అయిపోతుంది, భోజనం మిగిలి ఉంటుంది. మిగతా జట్లు ఆదివారం సాయంత్రం ఓడితే మనుషులు ఒంటరిగా సోమవారం ఆఫీసుకు పోతారు. లయన్స్ ఓటమిని మాత్రం ముగ్గురు పినతల్లులు, నలుగురు బావమరుదులు, ఒక కొత్త అల్లుడు పంచుకుంటారు. వదిలెయ్యాలన్నా ఈ జట్టును ఏ రోజు వదిలెయ్యాలి? ఆ రోజున ఇల్లు ఖాళీ చెయ్యలేరు కదా.

నగరం ఖాళీ అయిన చరిత్ర కూడా ఇందులో కలిసి ఉంది. 1950లో డెట్రాయిట్ జనాభా 18 లక్షల 50 వేలు. 2020 లెక్కల్లో 6 లక్షల 39 వేలు. కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతూ, తరలిపోతూ ఉంటే జనం శివార్లకు, టెక్సస్‌కు, ఆరిజోనాకు, ఫ్లోరిడాకు పోయారు. 2013లో నగరపాలన దివాలా తీసినట్టు ప్రకటించింది. దూరం పోయినవాళ్ల టీవీల్లో మిగతా వారాల్లో లయన్స్ ఆట చాలావరకు రాదు. పండగ నాడు దేశమంతటా వస్తుంది. ఓడుతున్నా సొంత ఊరు తెర మీద కనబడుతుంది. 2008 పండగ నాడు టెనెసీ చేతిలో 47-10తో చిత్తయినప్పుడు స్టేడియంలో కొందరు తలకు కాగితపు సంచులు తొడుక్కుని కూర్చున్నారు. సిగ్గుతో ముఖం దాచుకున్నారు గాని కుర్చీ ఖాళీ చెయ్యలేదు.

మిగతా జట్ల వాళ్లకు ఇది కంటగింపే. ఇంత చెడ్డ జట్టుకు ఇంత మంచి రోజు ఎందుకు, వంతులవారీగా తిప్పమని ఏళ్ల తరబడి వాదించారు. కాన్సస్ సిటీ యజమాని లామర్ హంట్ పట్టుబట్టి అడిగినవారిలో ముందున్నాడు. లయన్స్ ఆటను కదిలించలేక, చివరికి లీగ్ 2006లో రాత్రికి మూడో ఆట పెట్టింది. మొదటిది కాన్సస్ సిటీలోనే జరిగింది. హంట్ మరుసటి నెలలోనే కన్నుమూశాడు. నడిమధ్య ఆట 1966 నుంచి దాదాపు ప్రతి ఏడాదీ డాలస్‌ది.

ఈ ఊరి పాటలో కూడా లయన్స్ ఉన్నారు. డెట్రాయిట్‌లో పుట్టిన మోటౌన్ రికార్డుల సంస్థ గాయకుడు మార్విన్ గే 1970లో ఫుట్‌బాల్ ఆడాలని పట్టుదలతో కసరత్తు చేసి లయన్స్ దగ్గరికి వెళ్లాడు, జట్టులో చోటు దొరకలేదు. స్నేహితులుగా మాత్రం ఇద్దరు ఆటగాళ్లు మిగిలారు, లెమ్ బార్నీ, మెల్ ఫార్. 1971లో వచ్చిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ పాటలో నేపథ్యంలో వినబడే మాటల్లో ఆ ఇద్దరి గొంతులు ఉన్నాయి.

తెలుగువాళ్లకు ఈ ఊరు కొత్త కాదు. ట్రాయ్, నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ శివార్లలో కార్ల కంపెనీల ఇంజినీర్లు, ఐటీ వాళ్లు, డాక్టర్లు ఎన్నో తెలుగు కుటుంబాలు. నోవైలో వెంకటేశ్వరుడి గుడి ఉంది. తానా మహాసభలు 2005లో, 2015లో, మళ్లీ 2025లో ఈ ప్రాంతంలోనే జరిగాయి. గురు, శుక్రవారాలు రెండూ చాలామందికి సెలవులు కాబట్టి థాంక్స్‌గివింగ్‌కు నాలుగైదు కుటుంబాలు ఒకరింట్లో కలుస్తాయి. టర్కీ చప్పగా ఉంటుందని కొందరు కారం, అల్లంవెల్లుల్లి దట్టించి కాలుస్తారు, కొందరు దాన్ని పక్కన పెట్టి బిర్యానీకి దిగుతారు. కింద బేస్‌మెంట్‌లో పిల్లలు నీలం జెర్సీల్లో టీవీ ముందు. అక్కడే పుట్టిన పిల్లలకు లయన్స్ ఓటమి కూడా పుట్టుకతో వచ్చిన హక్కే. క్రికెట్ చూస్తూ పెరిగిన తండ్రులు మొదట్లో నవ్వుకున్నా, నాలుగు ప్రయత్నాల లెక్క అర్థమయ్యాక వాళ్లూ ‘ఫోర్త్ డౌన్‌లో తన్నకుండా ఏంట్రా ఇది’ అని కోచ్‌ను తిట్టడం నేర్చుకుంటారు. అలా తిట్టడం వస్తే డెట్రాయిట్ వాసి అయినట్టే లెక్క.

ఫోర్డ్ ఫీల్డ్ కన్నా ముందు లయన్స్ పాతికేళ్లకు పైగా నగరం బయట పాంటియాక్‌లోని సిల్వర్‌డోమ్‌లో ఆడారు. సుమారు 5 కోట్ల 57 లక్షల డాలర్లతో కట్టిన ఆ స్టేడియం 2009లో 5 లక్షల 83 వేలకు అమ్ముడైంది. 2017 డిసెంబరు 3న కూల్చడానికి పేలుడు పదార్థాలు అమర్చి మీట నొక్కారు. ధడధడ శబ్దం వచ్చింది, పొగ లేచింది, భవనం నిలబడే ఉంది. చూడవచ్చినవాళ్లు ఏమన్నారో మళ్లీ చెప్పాలా, ‘ఎస్ఓఎల్’. మర్నాడు కూలింది.

2021లో డాన్ క్యాంప్‌బెల్ అనే మాజీ ఆటగాడు కోచ్‌గా వచ్చాడు. మొదటి సమావేశంలోనే మోకాలి చిప్ప కొరికేస్తామని మాట్లాడితే దేశమంతా నవ్వింది. ఆ ఏడాది గెలిచినవి మూడు. తర్వాతి ఏడాది తొమ్మిది. ఆ తర్వాత పన్నెండు. 2024 జనవరి 14 రాత్రి ఫోర్డ్ ఫీల్డ్‌కు లాస్ ఏంజలస్ రామ్స్ వచ్చారు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఎవరనుకున్నారు, స్టఫర్డ్. పన్నెండేళ్లు డెట్రాయిట్‌లో ఆడి ఒక్క ప్లేఆఫ్ గెలవక, వేరే చోటికి వెళ్లిన తొలి ఏడాదే సూపర్ బౌల్ గెలిచినవాడు. అతని బదులుగా వచ్చిన జారెడ్ గాఫ్ లయన్స్ పక్షాన. 24-23తో లయన్స్ గెలిచారు. స్టాండ్స్‌లో నడి వయసు మగవాళ్లు ముఖం కప్పుకుని ఏడవడం దేశమంతా టీవీలో చూసింది. ఆ రాత్రి చాలామంది ఫోన్లు చేసుకున్నది ఆట గురించి మాట్లాడటానికి కాదు, ఈ గెలుపు చూడకుండా పోయిన నాన్ననో తాతనో తలచుకోవడానికి. రెండు వారాల తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు మీద సూపర్ బౌల్ గుమ్మం దగ్గర సగం ఆటకు 24-7తో ముందుండి, 34-31తో ఓడిపోయారు. మరుసటి సీజన్‌లో 17లో 15 గెలిచి, సొంత మైదానంలో వాషింగ్టన్ చేతిలో మొదటి ప్లేఆఫ్ ఆటే వదులుకున్నారు. ఆ సీజన్‌లో పండగ ఆట మాత్రం గెలిచారు, షికాగో మీద 23-20, 2016 తర్వాత మళ్లీ అప్పుడే. కిందటి తరం ఓటములను నమ్మకంగా మోసినవాళ్లకు ఈ కొత్త రకం ఓటములు కాస్త ఇబ్బందిగా ఉన్నాయి, ఎందుకంటే వీటిలో ఆశ కలిసి ఉంది.

వెళ్లదలచినవారికి కొన్ని వివరాలు. డెట్రాయిట్ మెట్రో విమానాశ్రయం నగరానికి నైరుతిలో 30 కిలోమీటర్ల పైచిలుకు. పరేడ్ ఉదయం తొమ్మిదికి కాస్త ముందు వుడ్‌వర్డ్ మీద కిర్బీ వీధి దగ్గర మొదలై నది వైపు వస్తుంది. చూడటానికి టికెట్ అక్కర్లేదు. ఉష్ణోగ్రత సున్నా నుంచి ఐదు డిగ్రీల మధ్య ఉండొచ్చు, ఉన్ని సాక్సు రెండు జతలు వేసుకుంటే మంచిది. ఊళ్లో పీపుల్ మూవర్ అనే చిన్న రైలు తిరుగుతుంది, 2024లో దాన్ని ఉచితం చేశారు. గ్రాండ్ సర్కస్ పార్క్ స్టేషన్‌లో దిగితే స్టేడియం దగ్గరే. లోపలికి పారదర్శకమైన సంచీలనే రానిస్తారు. ద్వారం బయట లయన్స్ మాజీ ఆటగాడు బ్యారీ సాండర్స్ ఎనిమిది అడుగుల కంచు విగ్రహం ఉంది, 2023లో పెట్టారు. 1997 పండగ నాడు 167 గజాలు పరుగెత్తి మూడు టచ్‌డౌన్లు చేసినవాడు. ఇంకా సత్తువ ఉండగానే, లీగ్ పరుగు గజాల రికార్డుకు కొద్ది దూరంలో, 1999లో ఆట మానేశాడు. ఫొటోకు వరస ఉంటుంది. పండగ ఆట టికెట్లు జట్టు వెబ్‌సైట్‌లో దొరకడం కష్టం, తిరిగి అమ్మే సైట్లలో ఖరీదు. టికెట్ లేకపోయినా ఈస్టర్న్ మార్కెట్ దగ్గర ఎవరి కారు పక్కనో నిలబడితే 97.1 ఎఫ్ఎంలో వ్యాఖ్యానం వినబడుతుంది, వేడివేడి టర్కీ ముక్క కూడా చేతిలో పెడతారు. స్కోరు ఎంత అని మాత్రం ముందుగా అడగకండి. వాళ్లే చెబుతారు, చెప్పే తీరులోనే తెలిసిపోతుంది.